చీరల అంగడిలో రాసిచ్చిన చీటీ

ధర్మవరం పట్టు అంగళ్లలో ఒక మర్యాద ఉంది. చెప్పులు బయట విడిచి తెల్లటి పరుపు మీద కూర్చోవాలి. కాఫీ వస్తుంది. తర్వాత ఒక్కో చీరా గాలిలో తెరుచుకుని మన ముందు వాలుతుంది. ముప్పయ్యో చీర దగ్గరికి వచ్చేసరికి బయట ఎండ ఉందన్న సంగతీ, మనకో ఉద్యోగం ఉందన్న సంగతీ మరిచిపోతాం. వానకు మొహం వాచిన సీమలో ఆ మెరుపుల మధ్య కూర్చుంటే, నిండిన చెరువులోకి మెడ దాకా దిగినట్టుంటుంది.

ఆ మైకంలోనే నేను చీటీ రాసిచ్చాను. చీరకు కుచ్చులు వేసి ఇంటికే పంపుతామన్నారు. పేరు, ఇంటి నంబరు, పుట్టినరోజు రాశాను. ఎవరూ అడక్కపోయినా పేరు కింద 'తహసీల్దారు' అని కొట్టొచ్చినట్టు కనిపించేలా రాశాను. 'నేను లేకపోతే మా పాప చేతికివ్వండి, సాయంత్రం ఐదున్నరకు బుక్కరాయసముద్రం చెరువు కట్ట దగ్గర కాలేజీ బస్సు దిగుతుంది' అని కూడా రాశాను. ఆధార్ జిరాక్సు ఎవరికి పడితే వాళ్లకిస్తారా అని రోజూ ఆఫీసులో రైతులను కసిరే నోరే ఇది.

రెండు నెలల తర్వాత, ఒక ఆదివారం పొద్దున, ఒకాయన సీతాఫలాల గంపతో మా గుమ్మంలో నిలబడ్డాడు. మా మండలంలో ఎండిపోయిన ఒక చెరువును చదును చేసి ప్లాట్లు వేస్తున్న మనిషి. వాటిని తొలగించే ఉత్తర్వు మీద మరుసటి వారం నేను సంతకం చేయాలి.

"ఏమప్పా, నా ఇల్లు నీకెట్ల తెలిసె?"

"యాడనో పోయి అడగల్లనా మేడమ్? ఫోన్లోనే ఉండాది." నవ్వుతూ చూపించాడు. ఉద్యోగుల వివరాలు అమ్ముకునే ఏదో సైటు. "ఇల్లు ఉండాది, మీరు పుట్టిన దినం ఉండాది. పాప ఐదున్నరకి కట్ట కాడ దిగుతాదంట కదా. కాలం బాగలేదు, జాగ్రత్త."

"పండ్లు ఎత్తుకోని పో. ఏమన్నా ఉంటే ఆఫీసులో మాట్లాడు."

"పండ్ల మీద ఏం కోపం మేడమ్?"

"పండ్ల మీద కాదప్పా, నీ జాగ్రత్త మీద."

కట్ట, బస్సు, ఐదున్నర. నేను వాటిని లోకంలో ఒక్క చీటీ మీదే రాశాను. అంగడికి ఫోన్ చేస్తే, "చీటీలన్నీ కంప్యూటర్లో ఎక్కించేదానికి బయటోళ్లకి ఇచ్చినామక్కా, వాళ్లు ఇట్ల చేస్తారని తెలీదు" అన్నాడు యజమాని. పాపం, నిజంగానే బాధపడ్డాడు.

ఆ సైట్లో నా పేరు మీదున్న పేజీ తెరిచాను. అందులో నాలాంటి ఒకామె కాపురం చేస్తోంది. ఆమె ఇంటికి గోడల్లేవు, తలుపు లేదు. ఎవరైనా వచ్చి ఆమె మంచం అంచున కూర్చోవచ్చు. ఆమె కూతురు బస్సు దిగుతూనే ఉంటుంది. నేను కళ్లు మూసుకున్నా దిగుతూనే ఉంది.

సైటు వాళ్ల నంబరు వెతికి పట్టుకున్నాను.

"తీసేస్తాం మేడమ్. మీ అడ్రసు, ఆధార్, ఫొటో పంపండి."

"నా అడ్రసు తుడిచేదానికి నా అడ్రసే ఇయ్యల్లనా? దొంగ చేతికి బీగంచెవి ఇచ్చి తలుపెయ్యమన్నట్లుండాది కదప్పా!"

"రూల్ మేడమ్."

"నాకే రూల్స్ చెప్తావా? నేను తినేదే ఆ కూడు!"

సైబర్ పోలీసులకు ఫిర్యాదు రాశాను. పాపను కాలేజీ మాన్పించాను. ఉత్తర్వు కాగితం బల్ల మీదే ఉండిపోయింది. నాలుగో రోజు పాప అడిగింది: "నువ్వు సంతకం పెట్టకుండా, నన్ను ఇంట్లో కూర్చోబెడితే, ఆయప్ప గెలిచినట్లే కదమ్మా?"

 మర్నాడు సంతకం చేశాను.

ఆ వారంలోనే, ఫిర్యాదు వల్లనో నా నోటి వల్లనో, ఆ పేజీ మాయమైంది. అప్పటికే దాన్ని ఎంతమంది దాచుకున్నారో ఎవరూ చెప్పలేకపోయారు.

పాప మళ్లీ బస్సెక్కింది. ఏ రోజు ఏ స్టాపులో దిగేదీ పొద్దున నా చెవిలో చెప్పి వెళ్తుంది. ఫోన్లో పెట్టం, కాగితం మీద రాయం. సాయంత్రం నేను అక్కడికి వెళ్లి నిలబడతాను. ఎర్రటి దుమ్ములోంచి బస్సు ముందు నీడలా, తర్వాత నిజంలా వస్తుంది.

మొన్న దిగుతూనే నవ్వింది. "రోడ్డు మధ్యలో జెండా మాదిరి నువ్వు నిలబడితే ఇంక రహస్యం యాడిదమ్మా?"

"నోరు మూసుకోని నడువే" అన్నాను, చేయి వదలకుండా.