వెర్నన్ మెడ గుండీ

కెంటకీలో మా ఊరి తుపాకి కాల్పుల మైదానంలో, ఎంత ఎండ కాసినా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునే మనిషి వెర్నన్ పుకెట్ ఒక్కడే. బడి బస్సు నడిపి రిటైరయ్యాడు. అతని తుపాకి చూడ్డానికి పాత యుద్ధకాలపు టామీ గన్నే. అదే గుండ్రటి తూటాల డబ్బా, అదే కర్ర పిడి. తయారైంది మాత్రం ఈమధ్యే. పాతదానిలా వరసగా కాదు, నొక్కినప్పుడల్లా ఒక్క గుండే పేలుతుంది. "తుపాకి బదులు పడవ తెడ్డు మోసుకొచ్చావా పెద్దాయనా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, నవ్వుతూ వాళ్ల మెడ గుండీ పెట్టేవాడు. "తుపాకి విసిరే ఖాళీ తూటా, కాలుతున్నది, చొక్కా లోపల పడితే తెలుస్తుంది. పడినా గంతులెయ్యకు. ముందు తుపాకి కింద పెట్టు," అనేవాడు.

మొన్న పోటీనాడు, భార్య ఒలీటా కుట్టిన కొత్త చొక్కాకి మెడ బిగుతై పై గుండీ పట్టలేదు. గురి కోసం నిలబెట్టిన ఇనప పలకల్లో ఒక్కటి తప్ప అన్నీ పడగొట్టి, ఆ ఆఖరిదానికి గురిపెట్టాడు. అంతలో తన తుపాకి విసిరిన ఖాళీ తూటాయే పక్క చెక్కకు తగిలి, తిరిగొచ్చి చొక్కాలోకి జారింది. మొహం కందిపోయింది గానీ గొట్టం పక్కకు తిరగలేదు. డబ్బా ఊడదీసి, లోపలి గుండు తీసేసి, తుపాకిని బల్లమీద పెట్టి, వెనక్కి జరిగి, అప్పుడు ఎగిరాడు. గెలుపు చేజారింది. మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం.

"పెళ్లినాడు చిందెయ్యమంటే కాళ్లు నొప్పులన్నావు గదయ్యా," అంది ఒలీటా, కళ్లు తుడుచుకుంటూ. "ఇక నీ చొక్కాలన్నీ ఈ కొలతకే కుడతా."