సుక్కి నవ్వలేదు

భద్రాచలంలో మొన్న ఒక కొట్లో ఎండిన ఇప్పపూల బస్తా మూతి విప్పారో లేదో, ఆ తీపి మత్తు వాసన నన్ను బస్తరు సంస్థానపు రోజుల్లోని కొంటాకు, శబరి ఒడ్డున మా నాన్న ఉప్పుకొట్టు అరుగు మీదికి ఈడ్చుకుపోయింది.

రాజమండ్రి నుంచి పడవలో ఉప్పుతోపాటు పొట్లాలు కట్టడానికి పాత పత్రికల కట్టలు వచ్చేవి. వేయించిన చింతగింజలు ఒడిలో పోసుకుని, పటపటా కొరుకుతూ, వాటిలో బొమ్మలు వెదకడం మా వేసవి ఆట. ఆ కాగితాల్లో ఆడవాళ్ళు రెండే రకాలు: సబ్బు పట్టుకుని నవ్వేవాళ్ళు, లేదంటే పేరైనా లేకుండా నూతిలో పడి చచ్చినవాళ్ళు.

ఒక సంతరోజు మా మేనత్త మిరపకాయలకు పొట్లం చుట్టబోయి ఆగిపోయింది. కాగితంలో సుక్కి! కిష్టారం వైపు నుంచి మాకు చింతపండు తెచ్చే దోర్ల తెగ మనిషి. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను చంకనేసుకుని వైద్యుడి దగ్గరికి వస్తుంటే, ఎవరో కెమెరా దొర ఆమెను ఎండకెదురుగా నిలబెట్టాడు. మొహం చిట్లిస్తే పళ్ళు కనబడ్డాయి. ఆ వారమే బిడ్డ పోయింది.

అరుగు కింద కూర్చున్న సుక్కి లేచి వచ్చింది.

"ఏంది రాసిండ్రు సావుకారమ్మా?"

అత్త దాచలేదు. "బాధ ఎరగని అడవి సుందరి, బిడ్డతో నవ్వుతోంది అని రాసిండ్రే."

"నేను నవ్వలే. నా బిడ్డ పేరుందా?"

"లేదే."

మా సంతకొచ్చే ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ఒకామె చెప్పిన కబురును తన ఊరికి మోసుకుపోయే మనిషి, గంప ఎత్తుకునేముందు, దాన్ని పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. తప్పితే చెప్పినామె గంప మీద చెయ్యివేసి ఆపేది. ఆ రోజు సుక్కి వాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని చెప్పింది: "ఎండకు కళ్ళు మూసిన. నవ్వలే. సంకల ఉన్నది నా బిడ్డ జోగి. జరంతోని కాలుతుండె."

ఒక్కొక్కరే తిరిగి చెప్పారు. మా అత్తా చెప్పింది, నాచేతా చెప్పించింది. జోగి పేరు మరోసారి చెప్పించింది. ఇన్నేళ్ళయినా ఆ పేరు నా నాలుక మీదే ఉంది.

ఆ కొట్టు లేదు, గంపలు దించి కూర్చునే ఆ ఆడవాళ్ళూ లేరు. బొమ్మ మాత్రం చావలేదు. మొన్న ఆ భద్రాచలం కొట్లోనే, ఇప్పపూల బస్తా పైన, రంగులద్దిన క్యాలెండరులో వేలాడుతోంది. కింద "అడవి నవ్వు" అని రాసి ఉంది.

"ఆమె నవ్వలేదమ్మా, మొహాన ఎండ కొట్టింది. పేరు సుక్కి. చంకలో ఉన్నది జోగి, జ్వరంతో కాలుతోంది," అన్నాను కొట్టు పిల్లతో.

"అట్లనా అమ్మమ్మా," అంటూ ఆ పిల్ల పక్కామె సంచీ అందుకోబోయింది.

నేను ఆ సంచీ మీద చెయ్యి వేశాను.

"ఏదీ, తిరిగి చెప్పు."