పువ్వు కోసం మెట్లెక్కిన బాబాయి

మా కింది వాటాలో ఉండే డ్రైవరు బాబాయి మొన్న శుక్రవారం పొద్దున పోయారు. ఆ కబురు నాకు చెప్పింది మా ఆయన. పక్షవాతం వచ్చిన తర్వాత ఆయన తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదటిసారి. నేనెక్కిన నందిగామ బస్సు అప్పుడే చిల్లకల్లు దాటింది. ఫోన్లో "బా... బా..." అని రెండుసార్లు వినిపించింది. మూడోసారికి "బాబాయ్... లేరు" అన్నారు. కింద బాబాయి భార్య, మా పిన్ని, ఏడుపు విని ఆయనకు తెలిసిందట.

తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి వెళ్లే బస్సు కోసం రోడ్డు అవతల నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఎక్కడైనా కాసేపు కూర్చుంటే బాగుండుననిపించింది, అంతే. మూడేళ్లుగా నాకు ఏ దుఃఖం వచ్చినా ముందు కాళ్లే పీకుతున్నాయి.

బాబాయి ముప్పై ఏళ్లు లారీ నడిపారు. ఎక్కువ కాలం కడియం నర్సరీల నుంచి హైదరాబాదుకు మొక్కల లోడు తోలారు. నర్సరీవాళ్లు చెప్పినవి వినీ, దారిలో చచ్చినవాటిని చూసీ మొక్కల సంగతులు నేర్చుకున్నానని చెప్పేవారు. చక్కెర జబ్బు ఎడమ పాదంలో సగం తీసుకుపోయాక లారీ దిగి, జగ్గయ్యపేటలో మా ఇంటి కింది వాటాలో చేరారు. ఆయన, పిన్ని, కిటికీల నిండా కుండీలు. నేను నందిగామలో బడిపంతులమ్మని కాబట్టి ఆయనకు నేను "టీచరమ్మ"ని. ఆయన నాకు బాబాయి.

మా ఆయన్ని విజయవాడ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పుడు మా బడివాళ్లు ఒక పీస్ లిల్లీ మొక్క ఇచ్చారు. గొడుగులాంటి తెల్లని పువ్వులు రెండున్నాయి. అవి వాడిపోయాక ఏడాదిపాటు ఆకులే. ముందుగదిలో ఫ్రిజ్ పైన పెట్టి రోజూ బస్సుకు పరిగెత్తేముందు ఒక చెంబు నీళ్లు పోసేదాన్ని. అన్నం కలిపి పెట్టడం, మందులు, పక్కబట్టలు, ఆ తర్వాత చెంబు నీళ్లు. ఆలోచించి చేసే పని కాదది.

ఒక ఆదివారం బాబాయి చంకకర్ర పట్టుకుని మా ఆయన్ని పలకరించడానికి పైకొచ్చారు. మాట్లాడుతూనే ఫ్రిజ్ పైకి చూశారు.

"దీనికి రోజూ నీళ్లు పోస్తన్నావా అమ్మా?"

"పోస్తున్నా బాబాయ్. ఒక్కరోజు కూడా మానలేదు."

"అదే చేటు చేసింది దీనికి. మట్టిలో వేలు పెట్టి చూడు. పైన రెండు వేలి కణుపుల లోతు పొడిగా తగిలితేనే పొయ్యాలి. ఇదేమన్నా వరిచేనా?"

వేలు పెట్టాను. బురద. కుండీ అడుగున ప్లేటులో పాత నీళ్లు కూడా నిలబడి ఉన్నాయి.

"ఎరువేం వేశావ్?"

మా అన్నయ్యది వత్సవాయిలో పత్తి సేద్యం. వాళ్లింటి నుంచి గుప్పెడు యూరియా తెచ్చి వేశానని చెప్పాను. బాబాయి తల పట్టుకున్నారు. "ఆకుల చివర్లు ఎందుకు మాడినయ్యో ఇప్పుడు తెలిసింది. యూరియాకి ఆకొస్తదమ్మా, పువ్వు రాదు. ఇంకేం వెయ్యమాక. ఆర్నెల్లు దాని మానాన దాన్ని ఉండనీ."

ఆ తర్వాత ఆయన కిటికీ వైపు చూశారు. మొక్కకు వెలుతురు కావాలి, ఎండ తగలకూడదు, తూర్పు కిటికీ పక్కన పల్చటి కర్టెన్ వెనక పెట్టాలి అన్నారు. అక్కడ ఇనుప బీరువా ఉంది. బీరువా జరపాలంటే మంచం జరపాలి. ఇప్పుడు నావల్ల కాదన్నాను. ఆయన పిన్నిని కేకేశారు. ముగ్గురం కలిసి మా ఆయనతో సహా మంచాన్ని అంగుళం అంగుళం జరిపాం. అన్నాళ్లూ గోడకేసి చూస్తూ పడుకున్న మనిషికి ఆ రోజు నుంచి వీధి కనిపించింది. నాకు ఏడాదిగా తట్టలేదు ఆ పని. ఆ మాట అంటే బాబాయి, "నీకు తట్టడానికి తీరికేదమ్మా" అన్నారు.

మా వైపు దుమ్ము సంగతి తెలిసిందే. లారీల దుమ్ము, సిమెంటు దుమ్ము. రెండు రోజులకే ఆకుల మీద బూడిదలాంటి పొర. తడిబట్టతో ఆకులు తుడవమని ఆయన మెట్ల దగ్గరే గుర్తుచేసేవారు. కింద చెయ్యి ఆనించి, పైన మెల్లగా, పసిపిల్ల మూతి తుడిచినట్టు. మరీ పెద్ద కుండీలోకి మార్చబోతే వద్దన్నారు. "వేర్లు కుండీ అంచుకు తగలాలి. చోటు మరీ ఎక్కువైతే వేర్లు పెంచుకుంటా కూర్చుంటది, పువ్వు సంగతి మర్చిపోద్ది."

ఒకసారి నేను, "ఇది పూస్తే ఈయన లేచి నడుస్తారేమో బాబాయ్" అన్నాను. ఆయన నవ్వలేదు. "అట్లా అనుకోమాక. మొక్క మీద అంత బరువెయ్యకూడదు, పాపం. అది పూస్తే పూసిందని సంతోషపడు. ఆయన లేస్తే ఆయన లేచాడని సంతోషపడు" అన్నారు.

ఆ వేసవిలో నేను చేసిన పని కూడా చెప్పాలి. పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ నుంచి వచ్చేసరికి సాయంత్రం అయిదు. పగలు చూసుకునే ఆయా ఆ రోజు రాలేదు. మా ఆయన పక్క తడిసి, దానిలోనే ఎంతసేపు ఉన్నారో, నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. సరిగ్గా అప్పుడే మెట్ల కింద నుంచి కేక: "టీచరమ్మా, ఆకులు తుడిచావా?"

మెట్ల మీదకొచ్చి అరిచాను. "ఇక్కడ మనిషిని తుడవడానికే ఓపిక లేదు బాబాయ్! మీకంత ప్రేమగా ఉంటే మీ మొక్కని మీరే తీసుకుపోండి!"

వీధిలోవాళ్లు తలెత్తి చూశారు. కాసేపటికి పిన్ని వచ్చి, ముందు నాతోపాటు పక్కబట్టలు మార్చింది. తర్వాత కుండీ ఎత్తుకుని వెళ్లిపోయింది.

నేను కిందకు వెళ్లి క్షమాపణ అడగలేదు. ఇవాళ రేపు అనుకుంటూ నెలలు గడిపాను. పొద్దున బస్సుకు వెళ్లేటప్పుడు వాళ్ల గుమ్మం ముందు తల వంచుకుని నడిచేదాన్ని. ఆయన మాత్రం "జాగ్రత్తమ్మా" అనేవారు, ఎప్పటిలాగే. పైన మా ఆయన కిటికీ పక్కన మొక్క లేని ఖాళీ స్టూలు వైపు చూస్తూ ఉండేవారు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక ఉదయం మెట్ల మీద చప్పుడైంది. పిన్ని కుండీ పట్టుకుని ఎక్కుతోంది. వెనక బాబాయి చంకకర్రతో, లారీని వెనక్కి రప్పించే క్లీనరులా, "రానీ... రానీ... కొంచెం కుడికి... హోల్డాన్!" అంటున్నారు. పిన్ని విసుక్కుంటోంది. ఆకుల మధ్య ఆకుపచ్చగా, సన్నగా చుట్టుకుని ఒక మొగ్గ.

"ఇంకా విచ్చలేదు," అన్నారాయన ఆయాసపడుతూ. "విచ్చేటప్పుడు ఇక్కడుండాల. మీ ఆయన చూడాల."

"బాబాయ్, ఆ రోజు నేను..."

"అలిసిపోయినోళ్ల మాటలు పట్టుకుంటే ఇంక ఎవరితోనూ మాట్లాడలేం తల్లీ. ముందు కాసిని మంచినీళ్లియ్యి. పద్నాలుగు మెట్లు."

నాలుగో రోజున నేను బడి నుంచి వచ్చేసరికి మా ఆయన కుడిచెయ్యి లేపి చూపించారు. "తెల్ల..." అన్నారు. పువ్వు విచ్చింది. నెలరోజులు నిలిచింది. ఆకుపచ్చగా మారాక కాడను మొదలంటా కోసెయ్యమని బాబాయి చెప్పారు, వాడినదాన్ని ఉంచితే మొక్క బలం ఊరికే పోతుందని. ఆ తర్వాత మరో రెండు పూశాయి. మా ఆయన ఇంకా లేవలేదు. నేను ఇంకా ఏడింటి బస్సుకు పరిగెడుతూనే ఉన్నాను.

తన మూత్రపిండాలు దెబ్బతిన్నాయని బాబాయికి అప్పటికే తెలుసట. పిన్నిని మాకు చెప్పనివ్వలేదు. వాళ్లకి వాళ్ల బాధ చాలదా అన్నారట. శుక్రవారం నమాజు తర్వాత ఆయన్ని తీసుకువెళ్లారు. నేను పిన్ని పక్కన చాపమీద కూర్చున్నాను. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎప్పుడో ఆమె భుజం మీదే నాకు కునుకు పట్టింది. ఎవరూ లేపలేదు.

పోయిన నెలలో ఒక ఆదివారం, నందిగామ దగ్గర హైవే పక్కన ఉన్న నర్సరీకి తీసుకుపొమ్మని బాబాయి నన్నడిగారు. ఆయన వెంట నేను బయటికెళ్లింది అదొక్కసారే. ఆటో మాట్లాడుకుని వెళ్లాం. అన్ని వరసలూ తిరిగే శక్తి లేక ఒక చోటే నిలబడి, చివరికి అరచెయ్యంత ఆంథూరియం పిలకను ఎంచుకున్నారు. ఇది ఎప్పటికి పూస్తుందని అడిగితే, "ఏడాది పట్టుద్ది" అన్నారు మామూలుగా. తిరిగి వచ్చేటప్పుడు ఎండ ముదిరింది. ఆటోలోకి రెండు వైపుల నుంచీ వడగాలి. నేను కొంగు ఇవ్వబోయాను. ఆయన వద్దని, చొక్కా గుండీలు విప్పి, ఒక అంచును ముందుకు లాగి ఆ మొక్క చుట్టూ పట్టుకున్నారు. నాకు నిద్ర ముంచుకొస్తోంది. కళ్లు మూతలు పడుతూ తెరుచుకున్నప్పుడల్లా ఒకటే కనిపించేది: పక్కనుంచి లారీలు పోతున్నాయి, ఆయన వాటివైపు చూడటం లేదు. ఎముకలు తేలిన ఛాతీకి గాలి కొడుతుంటే, తల వంచి చొక్కా చాటున రెండాకుల్ని చూసుకుంటున్నారు.