గుడివాడ పొడుగు కారు, గడపకు రాసిన పసుపు

మా తమ్ముడు శ్రీను అవనిగడ్డలో కార్లు అద్దెకు తిప్పుతాడు. పెళ్లిళ్లకని గుడివాడలో లిమోజిన్ లాంటి ఒక పొడుగు కారు చూసుకున్నాడు. ఆదివారం పెళ్లికి వధూవరుల్ని అందులోనే తెస్తానని మాట కూడా ఇచ్చేశాడు. శుక్రవారం బండి తెచ్చుకోవాలి, పూజ నేనే చెయ్యాలన్నాడు. కోసి అతికించిన బండి అని విన్నప్పటి నుంచీ నాకు స్థిమితం లేదు. తెల్లవారకముందే దీపం పెట్టి, పసుపు కుంకుమ పొట్లం కట్టుకుని మచిలీపట్నంలో ఏడింటి బస్సెక్కాను.

ఆధార్ చూపిస్తే పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. పెడన మీదుగా గంటంపావు పట్టింది. కిటికీ పక్కనే కూర్చున్నా దారి చూసింది లేదు. పొట్లం విప్పడం, మళ్లీ కట్టడం. గుడివాడ బస్టాండు నుంచి షెడ్డుకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. శ్రీను అప్పటికే అక్కడున్నాడు.

షెడ్డు మస్తాన్ గారిది. అరవై దాటిన మనిషి. పదేళ్ల కిందట ఈ కారును పొడుగు చేసింది ఆయనే. ఇప్పుడు దాని యజమాని తరఫున అమ్మిపెడుతున్నారు.

"మామూలు కారుని నడిమికి కోస్తామమ్మా. మధ్యలో కింద ఛాసిస్ చట్రం ముక్క, పైన టాపు ముక్క పెట్టి వెల్డింగ్ చేస్తాం. వెనక చక్రాలకెళ్లే షాఫ్టు, బ్రేకు పైపులు కూడా పొడిగించాలి."

"అతుకు చూసి పోల్చుకోవడం ఎలాగండీ?"

"తలుపులు కంపెనీవి, మధ్య రేకు నాది. వేలితో కొట్టండి, చప్పుడు మారుద్ది. కింద పడుకుని చూస్తే అతుకులు కనపడతై."

"అక్కా, కొనేది నేనా నువ్వా? హారతిచ్చెయ్, బయల్దేరదాం," అన్నాడు శ్రీను.

శుక్రవారం గడపకు పసుపు రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. కారుకూ తలుపు తీస్తే కింద గడప లాంటి అంచు ఉంది కదా అని తడి పసుపు రాశాను. తెల్లకారుకు ఎక్కువైందనిపించి గుడ్డతో తుడిచాను. అంతా పోయింది కానీ, వెంట్రుకంత గీత ఒకటి పచ్చగా మిగిలిపోయింది. ఎంత రుద్దినా పోలేదు.

మస్తాన్ గారు గోటితో గీరి, టార్చి తీసుకుని బండి కిందకు దూరారు. లేచి వచ్చేసరికి మొహం మారిపోయింది.

"పగులు. పైన రంగేసి దాచారు, ఆ రంగూ చీలి పసుపు లోపలికి దిగింది. ఛాసిస్ అతుకు దాకా పోయింది. ఈ బండి ఇవ్వను బాబూ."

"ఆదివారం పెళ్లి మావయ్యా! నెమ్మదిగా తోలతా."

"మీ అవనిగడ్డ దారిలో ఏటి మీది పులిగడ్డ అక్విడక్టుపై పెళ్లివాళ్లతో నడిమికి కుంగితే? నా చెయ్యి పడ్డ బండిరా ఇది. అమ్మేముందు నేనే చూసుకోవాల్సింది. విప్పి మళ్లీ అతకాలి."

శ్రీను నావైపు కోపంగా చూశాడు. "పూజ చెయ్యమంటే పరీక్ష పెట్టావు." చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి పెళ్లికూతురి తండ్రికి ఫోన్ చేశాడు. పొడుగు కారు రాదని చెప్పాడు. అవతలాయన నవ్వు మాదాకా వినిపించింది: "పిల్ల పొడుగ్గానే ఉందిగా, కారు కూడా పొడుగెందుకురా! మామూలుదే తే."

రెండింటి బస్సులో తిరిగొస్తూ మొదటిసారి కిటికీలోంచి చూశాను. ఇన్నేళ్లుగా గడపకు పసుపు రాస్తున్నాను. తుడిచాక ఏం మిగులుతుందో ఎప్పుడూ గమనించలేదు. తమ్ముడి కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకపోయినా ఫరవాలేదు, ఆదివారం ఆ ఇద్దరూ అక్విడక్టు దాటతారు.

ఇలాంటి కారు కొన్నా, అద్దెకు తీసుకున్నా ఒక పని చెయ్యండి. ఆర్‌సీలో వీల్‌బేస్ రాసి ఉంటుంది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు టేపుతో కొలవండి. రెండూ కలవకపోతే కాగితాలకెక్కకుండా పొడిగించినట్టే, ఎక్కకండి. కలిసినా, చిటికెడు తడి పసుపు పట్టుకెళ్లండి.