వెనక మెట్టు మీద అసిరమ్మ

మా తాత నగరేశ్వరరావుకి బొబ్బిలిలో పూజాసామాను కొట్టు ఉండేది. కర్పూరం తూకంలో ఎవరినీ నమ్మేవాడు కాదు, నన్ను అసలే నమ్మేవాడు కాదు. అలాంటి మనిషిని నమ్మి ఏటా బస్సు నిండా జనం పూరీకో కాశీకో బయల్దేరేవారు. ప్రతి గుడి ముందూ అందర్నీ నిలబెట్టి తన రీలు కెమెరాతో ఫొటో తీసేవాడు. ఊరొచ్చాక వాటిని కొట్లో పంచడం ఆయనకు పెద్ద సరదా. సగం మందికి కాళ్లుండేవి కావు. అడిగితే, "గోపురం రావాల గదే, మీ కాళ్లదేటుంది" అనేవాడు.

రెండువేల పదకొండులో పూరీ నుంచి వస్తూ అసిరమ్మను వదిలేసి వచ్చాడు.

అసిరమ్మ మా కొట్టుకు పాత బేరం. పక్క పల్లెలో వరి, నువ్వులు పండించే ఇల్లాలు. పొలం ఇవతలి గట్టు మీద మాట్లాడితే అవతలి గట్టుకి వినబడుతుంది. అంత మనిషిని ఎలా మరిచిపోయాడంటే, మరిచిపోలేదు. బస్సు కదిలేముందు తలలు లెక్కపెట్టాడు, సరిపోయాయి. కాకపోతే అందులో ఒక తల మనది కాదు. ఎవరో ముసలామె తన బస్సే అనుకుని ఎక్కి, ముసుగేసుకుని నిద్రపోయింది. బరంపురం దగ్గర టీకి ఆగినప్పుడు ఆమె లేచి ఒడియాలో ఏదో అడిగేసరికి తాత చేతిలో గ్లాసు జారిపోయింది.

బస్సు వెనక్కి తిప్పారు. మనిషి ఎలా ఉంటుందని పూరీలో పోలీసు అడిగాడు. "ముసలిది, నూలు చీర, రెండు ముక్కుపుడకలు" అన్నాడు తాత. పోలీసు రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. రోడ్డు నిండా వాళ్లే. అసిరమ్మ ఫొటో తాత మెడలోనే ఉంది. కానీ రీల్లో ఉంది, కడగందే బయటికి రాదు.

తెల్లారాక దొరికింది, బస్సు ఆగిన చోటే కూర్చుని. తాతను ఒక్క మాట అనలేదు. అదే ఆయన్ని తినేసింది.

అప్పటినుంచి తాత ఇంట్లో మమ్మల్ని కూడా లెక్కపెట్టేవాడు. భోజనాల దగ్గర లెక్క సరిపోయినా వంగి వంగి మొహాలు చూసేవాడు. "తాతా, నేను నేనే" అనేదాన్ని. "ఏటో, ఎవులికి తెలుసు" అనేవాడు నవ్వకుండా.

మరుసటి ఏడు జనం కాశీ అన్నారు. తీసిన వెంటనే మొహాలు కనబడే కెమెరా కొన్నాకే బస్సు మాట ఎత్తమన్నాడు తాత. అసిరమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "ఆ కెమెరాలో నాను కనబడాల. కనబడితేనే వస్తాను."

అలా ముగ్గురం విజయనగరం వెళ్లాం. పైడితల్లమ్మ పండగ ముందు రోజులు. గంటస్తంభం దగ్గర బజారంతా కిక్కిరిసి ఉంది. తాత అసిరమ్మ కొంగు మీద నుంచి కళ్లు తిప్పకుండా నడిచి కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయన నుదురు రుద్దుకుంటూ కూడా కొంగునే చూస్తున్నాడు.

కెమెరాల కొట్టులో కుర్రాడి పేరు ప్రమోద్. "యాత్రలకా తాతగారూ? అయితే ఇదే సూడండి, పెద్ద లెన్సు. కొండ తీసినా గుడి తీసినా కేలండర్లాగ వస్తాది."

"మొహాలో?"

"ముందు మనిషి మెరిసిపోతాడు. వెనకంతా మంచులాగ కరిగిపోతాది. జనం ఎగబడేది దానికే."

తాత మొహం పాలిపోయింది. "వెనకున్నోళ్లు కరిగిపోతారా?"

"అదే అందం తాతగారూ."

"అందమేటయ్యా! మరి వాళ్లనెవడు ఎతుకుతాడు?"

ప్రమోద్ నా వైపు చూశాడు. నేను ఫేను వైపు చూశాను.

తీసి చూస్తే గాని నమ్మనన్నాడు తాత. కొట్టు మెట్ల మీద నన్నూ ప్రమోద్‌నీ ముందు నిలబెట్టి, అసిరమ్మను వెనక పై మెట్టు మీద నిలబెట్టాడు. పెద్ద కెమెరాతో ఒకటి తీశాడు. తర్వాత అరచేతిలో ఇమిడే చిన్న కెమెరాతో ఒకటి తీసి, దాన్ని నా చేతికిచ్చాడు. ఏ మీటలు నొక్కాలో ప్రమోద్‌ని కాసేపు పీడించాక మళ్లీ పెద్దది ఎత్తి, "ఈసారి నువ్వు ముందుకి రా అసిరమ్మా" అన్నాడు.

పై మెట్టు ఖాళీగా ఉంది.

"అసిరమ్మేదీ?"

కొట్లో లేదు. పక్క కొట్లో లేదు. తాత పెద్ద కెమెరాను మెడలో వేసుకునే జనంలోకి దూకాడు. మైకుల్లో పాటలు, డప్పులు. వాటి మధ్య ఆయన అరుపు నాకే సరిగ్గా వినబడటం లేదు. చెరుకురసం బండివాడి మొహం ముందు కెమెరా పెట్టాడు. "బాబూ, ఈ ముసల్దాన్ని సూసేవా?"

"ఈ గుంటపిల్ల ఉన్నాది, ఈ కుర్రోడున్నాడు. ముసల్దేదీ?"

"వెనక! వెనక సూడు బాబూ!"

"వెనక పొగుంది తాతా."

తాత ఆ తెర వైపు చూశాడు. పై మెట్టు మీద మనిషి ఉండాల్సిన చోట తెల్లటి మరక ఉంది. "మళ్లీ పోగొట్టేసేను" అన్నాడు. చెయ్యి పట్టుకుంటే ఐసుముక్కలా ఉంది. అప్పటిదాకా నాకంతా ఆటలాగే ఉంది. అసిరమ్మ సంగతి అటుంచి, ఈయన ఇక్కడే కూలిపోతే నేనేం చెయ్యను?

అప్పుడు నా గుప్పిట్లో చిన్న కెమెరా గుర్తొచ్చింది. మీట నొక్కి బొమ్మ పెద్దది చేశాను. రెండు ముక్కుపుడకలతో, ఎవరినో తిట్టబోతున్నట్టు అసిరమ్మ మొహం తేటగా వచ్చింది. పూలమ్మే ఆవిడ వంగి చూసి, "ఈవిడా? ఇందాకే ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సుకి దారడిగి ఆటో ఎక్కింది" అంది.

"ఎవులితోటి?"

"ఒక్కర్తే."

మేమూ ఆటో ఎక్కాం. తాత కమ్మీ పట్టుకుని తనకు తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచాడు. వెనక మోటారుసైకిల్ మీద ప్రమోద్ అరుస్తూ వస్తున్నాడు. "తాతగారూ! కెమెరాలండీ! రెండూ మీ కాడే ఉన్నాయండీ!"

కాంప్లెక్సులో బొబ్బిలి బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. తాత ఎక్కి సీటు సీటుకీ మొహాలు చూస్తూ, ముసుగేసుకున్న ఒకావిడ ముందు మరీ వంగి, "ఏటయ్యా అది, బుద్ధుందా!" అని తిట్లు తిన్నాడు. చిట్టచివర అసిరమ్మ కనబడింది. ఎవరో దింపేస్తారన్నట్టు సంచిని గుండెకు హత్తుకుని కూర్చుంది.

తాత ముందు సీటు పట్టుకుని నిలబడ్డాడు. "ఎందుకొచ్చీసేవు?"

"మీ బేరం తెమల్లేదు. బస్సెల్లిపోతాదని ముందే వచ్చి కూకున్నాను." సంచి ఒళ్లోకి దించింది. "పూరీ కాడినుంచి ఇదే బతుకు సావుకారూ. ఏ ఊరెల్లినా ముందు బస్సులో కూకోకపోతే గుండె దడ."

"ఒక్క మాటు సెప్పలేకపోయేవా?"

"నువ్వు బయపడతావని సెప్పనేదు."

తాత ఆమె పక్కన కూలబడ్డాడు. రొప్పుతూ వచ్చిన ప్రమోద్‌కి పెద్ద కెమెరా మెడలోంచి తీసి ఇచ్చేసి, చిన్నదానికి డబ్బు కట్టాడు. బేరం కూడా ఆడలేదు. మా వంశంలో అదే మొదటిసారి.

అసిరమ్మ చిన్న కెమెరాలో తన మొహం చూసుకుంది. "పర్నేదు, కనబడతన్నాను" అంది. తర్వాత లేచి నిలబడింది. "కిటికీ వైపు జరుగు సావుకారూ. ఇటు నాను కూకుంటాను."

"ఎందుకూ?"

"మజ్జిలో నువ్వు దిగిపోతే నాకు తెలవాల."

తాత జరిగాడు. ఆమె సంచి కాళ్ల దగ్గర పెట్టి, మోకాళ్లు ముందు సీటుకి ఆనించి, ఆయనకు దారి మూసేసింది. గజపతినగరం దాటేదాకా తాత కిటికీ కమ్మీ వదల్లేదు.

"కాశీకెప్పుడెల్తన్నాం?" అంది అసిరమ్మ.

"నువ్వు బస్సెక్కినాక" అన్నాడు తాత.