బోరు పడ్డ దేశాలు

మా ఏసోబు మామకు బోరులో నీళ్లు పడ్డ రైతు ఎదురైతే చాలు, ఆ రైతు పేరు పక్కనపెట్టి దేశం పేరుతో పిలిచేవాడు. నాలుగించుల నీళ్లున్న బాలస్వామి అమెరికా. మూడించుల లింగయ్య రష్యా. నీళ్లు తగ్గినా మీసం దించని మల్లేష్ ఇంగ్లండ్. మూడు బోర్లేసినా తడి తగలని తాను మాత్రం పటంలోనే లేని దేశం.

దేవరకొండ పక్కన మా ఊళ్లో బాలస్వామి బోరూ, మామ మూడో బోరూ ఒకే రోజు వేశారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి ఇద్దరికీ చోటు చూపినవాడూ ఒక్కడే. ఇద్దరి పొలాల మధ్య గెట్టుకు అటు నీళ్లు, ఇటు ఉత్త దుబ్బ. వారం తిరక్కుండానే బాలస్వామి ఊరందరికీ బోరు సలహాలు మొదలుపెట్టాడు.

ఒకరోజు చాయ హోటల్లో టీవీ వార్తలు చూస్తూ అడిగాను. "పెద్ద దేశాలకు గంత గర్వమెందుకు మామా?"

"ముందుగాల నీళ్లు పడ్తయి. తర్వాత గవి నా తెలివికే పడ్డయనిపిస్తది. ఇగ ఎండినోడు తెలివిలేనోడే అయితడు. అంతేరా."

తెలంగాణ రాష్ట్రం వచ్చిన రెండో ఎండాకాలం మామ బత్తాయి తోట ఎండుముఖం పట్టింది. వారానికి రెండు గంటల నీళ్లు అడిగితే, "బోరేసేటప్పుడే జర బుర్ర పెట్టాల్సుండె ఏసోబూ" అన్నాడు బాలస్వామి. నూట ఇరవై చెట్లు పొయ్యిలోకి పోయాయి. వాటిని కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు మామ నోట ఏ దేశం పేరూ రాలేదు.

మరో మూడేళ్లకు మామ నాలుగో బోరులో రెండించులు పడ్డాయి. అదే ఎండాకాలం అమెరికా ఎండిపోయింది. బాలస్వామి గెట్టు మీదికొచ్చి, అడగలేక నిలబడ్డాడు. మామ ఇక ఎంత వెటకారం చేస్తాడోనని చెవులు రిక్కించాను.

"బాలస్వామీ, పైపు గా కొస పట్టుకో" అన్నాడు మామ.

ఆయన వెళ్లాక నాకు కోపం ఆగలేదు. "మన చెట్లను చంపినోడు గద మామా."

"పొద్దున మోటరేసి ఎండుతున్న ఆయన తోట దిక్కు చూసిన. 'బుర్ర లేనోడు' అని నోటికొచ్చిందిరా. నేను గూడ గట్లనే అయితున్ననా అని నాకే బుగులైంది."

"మరి ఇన్నేండ్లు అమెరికా అని ఎందుకు తిట్టినవ్?"

"మనిషిని తిడితే మల్ల పలకరిచ్చుడు కష్టం. దేశాన్ని తిడితే సాయంత్రం కలిసి చాయ తాగొచ్చు."

కిందటేడు మామ పోయాడు. అందరూ వెళ్లిపోయినా బాలస్వామి సమాధి దగ్గర నుంచి కదల్లేదు. తన తోట బత్తాయిలు నాలుగు అక్కడ పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు.

"నీళ్లిచ్చిన కాన్నుంచి అన్న నన్ను పేరు పెట్టే పిలిచిండు. ఒక్కసారన్న మల్ల అమెరికా అంటే బాగుండు."

ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"పా అమెరికా, చాయ తాగుదాం."