లేని ఇంజన్‌కు ధ్రువపత్రం

చరిత్రకారులు యుద్ధాలకూ పట్టాభిషేకాలకూ తేదీలు రాసిపెట్టారు గానీ, పెదనాన్న తన చేతికొచ్చిన కాగితాన్ని మొట్టమొదట వెలుతురుకి ఎత్తి చూసిన రోజును నమోదు చేయలేదు. ఆ శాస్త్రానికి అది తీరని లోటు. స్టాంపు కాగితాల్లో అసలేదో నకిలీ ఏదో తేల్చే ఉద్యోగం ముప్పై ఏళ్లు చేశారాయన. రిటైరైనా ఎత్తిన చెయ్యి దిగలేదు. శుభలేఖైనా, మందులచీటీ అయినా కిటికీ దగ్గరికి తీసుకెళ్లడం, ఒక కన్ను మూయడం, "ఇందులో ఏదో ఉంది" అనడం. ఓసారి బస్సు టికెట్‌ను అలాగే పరీక్షిస్తూ నాలుగు స్టాపులు దాటిపోయారు. టికెట్ మాత్రం అసలుదే.

ఆయన తమ్ముడి కూతురు డ్రాయింగు టీచరు. మరో నలుగురితో కలిసి సైకిలు మీద మూడు దేశాలు చుట్టి రావాలని ఆమె కోరిక. ప్రయాణం ఇరవయ్యో తేదీన. సైకిలు సరిహద్దు దాటాలంటే వాహన అనుమతి పత్రం కావాలి. అది రాకపోతే మిగతా నలుగురూ వెళ్తారు, ఈమె చెయ్యి ఊపుతుంది.

దరఖాస్తు ముందుగా కిటికీ దాకా వెళ్లొచ్చింది.

"తొమ్మిదో గడి చూశావా అమ్మాయ్? ఇంజన్ నంబరట."

"సైకిల్‌కి ఇంజనేమిటి పెదనాన్నా! లేదని రాసేస్తా."

"రాయకు. ఆఫీసువాళ్లతో లేదని అనకూడదు. ఎందుకు లేదంటారు."

"మీకు అన్నిట్లోనూ అనుమానమే!" అంటూ రాసేసింది.

వారానికి దరఖాస్తు తిరిగొచ్చింది. 'ఇంజన్ తొలగించిన మెకానిక్ నుండి ధ్రువపత్రం జతచేయవలెను.'

"చెప్పానా?" అన్నారు పెదనాన్న. ఆ గొంతులో కాస్త సంతోషం ఉన్నట్టు ఆమెకు తోచింది.

సైకిల్ షాపతను తల గోక్కుని రాసిచ్చాడు: 'ఈ సైకిల్‌కు పుట్టినప్పటి నుంచీ ఇంజన్ లేదు. తీసింది నేను కాదు.' దానికీ జవాబొచ్చింది: 'తీసినది ఎవరో తెలుపవలెను.'

అప్పుడే తోటి టీచరు ఓ మాట చెవిన వేసింది. "మీ పెదనాన్నగారు రోజూ ఆ ఆఫీసులోనే కనిపిస్తున్నారే?"

ఆమెకు కళ్లు తెరుచుకున్నాయి. ప్రయాణం మాట ఎత్తిన రోజే "పరాయి దేశపు రోడ్డు. అందులో ఏదో ఉంది" అన్న మనిషాయన. ఫైలుని తొక్కిపెడుతున్నది ఎవరో ఇంక వేరే చెప్పాలా? మర్నాడు గుమ్మం దగ్గర కాపు కాసింది.

"పొద్దున్నే ఎక్కడికి పెదనాన్నా?"

"నడకకి."

"టిఫిన్ డబ్బా పట్టుకునా?"

"దూరం నడక."

పద్దెనిమిదో తేదీన సంగతి తేల్చుకుందామని ఆఫీసుకు వెళ్లింది. పేరు చెప్పగానే గుమాస్తా లేచి నిలబడ్డాడు.

"ఆ పెద్దాయన ఫైలా! అయిపోయిందమ్మా, తీసుకెళ్లండి. దయచేసి ఆయన్నీ తీసుకెళ్లండి. పదకొండు రోజులుగా ఇక్కడే కాపురం. ఫైలు ఈ బల్ల నుంచి ఆ బల్లకి పోతే ఆయనా కుర్చీ జరుపుకుంటూ వెళ్లేవారు. సొరుగులో పెట్టబోతే చాలు, 'ఇందులో ఏదో ఉంది' అనేవారు. మా ఆఫీసరుగారు భోజనం మానేసి సంతకం పెట్టారు."

"మరి ఇంజన్ తీసిందెవరో చెప్పమన్నారుగా?"

"ఆయనే రాసిచ్చారు కదమ్మా!"

ఫైలు చివర ఆ కాగితం ఉంది. 'పై సైకిల్‌కు ఉండిన ఇంజన్‌ను నేనే స్వయంగా తొలగించితిని. పూర్తి బాధ్యత నాదే.' ముప్పై ఏళ్లు దొంగ కాగితాలు పట్టుకున్న మనిషి తానే ఒకటి రాసిచ్చారు. ఆమె దాన్ని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. సంతకం మాత్రం అసలుదే.

ఆ కుర్చీ వైపు తిరిగింది. పెదనాన్న టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నారు.

"నడక అయిపోయిందా పెదనాన్నా?"

"ఈపూటకి అయింది" అన్నారాయన, అనుమతి పత్రం కోసం చెయ్యి చాస్తూ. "ఏదీ, ఇలా తే. చూడాలి."

ఇరవయ్యో తేదీన, ప్రతి కాగితానికీ మూడేసి ప్రతులు తీసి, వానకు తడవకుండా చుట్టి, సీటు వెనక సంచీలో ఆయనే కట్టిచ్చారు.

సరిహద్దు దగ్గర కాపలాదారు ఏ కాగితమూ అడగలేదు. ముందు టైరుని బొటనవేలితో నొక్కి చూశాడు. "గాలి తక్కువుంది. పంపు ఉందా?"

సంచీ అంతా వెతికింది. పంపు లేదు.